తర్ఫక్క పాటల డబ్బా

ముందే చెప్పేస్తాను. ఆ కన్ను మూడు పెళ్ళిళ్ళలోకి నా చేతుల మీదుగానే పోయింది. మొదటి రెండు సార్లు తెలియక పంపాను. మూడోసారి తెలిసే పంపాను. ఈ సంగతి జహ్రాలో ఎవరికీ చెప్పలేదు.

నా పేరు రెడ్డెమ్మ. మాది రాజంపేట పక్కన. కువైట్‌కు వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఇళ్ళలో అంట్లు తోమి, పిల్లల్ని పెంచి, మోకాళ్ళు అరిగిపోయాక ఈ జహ్రా ఊళ్ళో ఆడవాళ్ళ పెళ్ళి హాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా పని ఫోన్లు తీసుకోవడం. లోపల ఆడవాళ్ళు ఒంటిని కప్పే నల్లటి అబాయాలు విప్పేస్తారు, జడలు విప్పేస్తారు. పెళ్ళీడు పిల్లలు మధ్యలోకి వచ్చి జుట్టు అటూ ఇటూ విసురుతూ ఆడతారు. పరాయి మగవాడి కంట పడకూడని తల వెంట్రుకలవి. అందుకని ఒక్కో ఫోనూ గుడ్డ సంచిలో వేసి, మూతి బిగించి, నంబరు బిళ్ళ చేతిలో పెడతాను. పెళ్ళికూతురి తల్లి అయినా సరే, షేకుల ఇంటి ఆడపడుచు అయినా సరే, నా ముందు సంచి తెరవాల్సిందే. ఇన్నేళ్ళలో నేను వెతకకుండా పంపిన మనిషి తర్ఫా ఒక్కతే.

వాళ్ళు మాట్లాడేది అరబ్బీయే. నా చెవిలో పడేసరికి అది మా ఊరి తెలుగైపోతుంది. ఎలా వినబడిందో అలాగే చెబుతున్నాను.

తర్ఫా ఎడారిలో, డేరాలో పుట్టింది. ఏ సంవత్సరమో ఆమెకే తెలియదు, వానలు బాగా పడిన ఏడు అంటుంది. బడి మొహం చూడలేదు. ఆమె మేనత్త పెళ్ళిళ్ళలో పాడే ఆడవాళ్ళ మేళానికి పెద్ద. పదమూడేళ్ళప్పుడు ఆ మేనత్త చేతిలోంచి డప్పు లాక్కుని కొట్టిందట, ఇక మళ్ళీ తిరిగి ఇవ్వలేదట. మొగుడు ఇంకో పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన రోజు కూడా ఎక్కడో పెళ్ళిలో పాడుతూనే ఉంది. ఆ సంగతి అడిగితే నవ్వేది.

"పోయినోడు పోయె. డప్పన్నా వదిలిపెట్టి పోయినాడు. దాన్ని గూడా ఎత్తకపోయుంటే అప్పుడు ఏడ్చిందును."

ముప్పై ఏళ్ళు అలా పాడింది. తర్వాత గొంతులో గడ్డ లేచింది. కోత కోసి తీశాక మాట మిగిలింది, పాట పోయింది. ఇంకొకతె అయితే మంచం పట్టేది. తర్ఫక్క మాత్రం చిన్న పాటల డబ్బా ఒకటి సంపాదించి, అందులో తన మేళం పాటలూ, ఇంకా పాతవీ కొత్తవీ నింపించుకుంది. అరచేతిలో ఇమిడిపోయేది. మధ్యలో గుండ్రటి చక్రం, బొటనవేలితో తిప్పితే టిక్కు టిక్కుమనేది. చదువు రాదు కాబట్టి పాటల పేర్లు ఆమెకు అక్కరకు రావు. టిక్కులు లెక్కపెట్టుకుంది. వియ్యాలవారు లోపలికి వచ్చే పాటకు నాలుగు. పెళ్ళికూతురు మెట్లు దిగే పాటకు పదకొండు. రెండొందల పాటలు అలా బొటనవేలిలో పెట్టుకుంది. చీకట్లో, ఇంకో చేత్తో కాఫీ తాగుతూ, ఎవరితోనో కబుర్లాడుతూ కూడా ఒక్క పాట తప్పు పెట్టేది కాదు.

"ఫోన్లోనే పెట్టుకోవచ్చు గదక్కా, అందరూ అట్లనే చేస్తాండారు" అని ఒకసారి అన్నాను.

"ఆ పాప మెట్లు దిగతాంటే నీ మొగుడు ఫోన్ చేసి ఉల్లిగడ్డలు తెమ్మంటాడు. పాట నిలిచిపోతాది. అప్పుడా పిల్ల ఒంటికాలి మీద నిలబడుకుని చూస్తాండాల్నా?"

అది తమాషాకు అన్న మాట. అసలు కారణం వేరే. ఫోనుకు ఫోటోలు తీసే కన్నుంది. కన్నున్న వస్తువును ఆడవాళ్ళ మధ్యలోకి తీసుకుపోనని ఆమె పంతం. ఇంట్లో కూడా ఫోను ఉంచుకోలేదు. పనుంటే పక్కింటి గోడ తట్టి మాట్లాడేది. జహ్రాలో తల్లులకు ఇది తెలుసు. పెళ్ళి పిలుపు రాగానే, "పాటలు తర్ఫావేనా?" అని అడిగేవాళ్ళు. అవునంటే పిల్లల్ని ముస్తాబు చేసి పంపేవాళ్ళు. ఆమెకు ఇల్లు లేదు, ఉన్నది అద్దె గది. పిల్లలు లేరు. ఆ పేరొక్కటే ఆమె కూడబెట్టుకున్నది.

రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో ఆ డబ్బా చచ్చిపోయింది. కారులో మరిచిపోయి దిగిందట, మధ్యాహ్నానికి బ్యాటరీ ఉబ్బి వీపు పగిలింది. బజారంతా తిరిగింది. అంగళ్ళ వాళ్ళు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇలాంటివి ఇప్పుడు ఎవరూ చేయడం లేదని చేతికిచ్చేశారు. వారం రోజుల్లో పెళ్ళి ఉంది. ఆ వారం ఆమె మొహం చూడలేకపోయాను.

అప్పుడు వచ్చింది నూరియా. ఆమె సంబంధాలు కుదిర్చే మనిషి. ప్రతి పెళ్ళిలోనూ ముందు వరసలో కూర్చుంటుంది, ఆడుతున్న పిల్లల్ని చూసి ఎవరి కూతురో వాకబు చేస్తుంది. అందులో తప్పేమీ లేదు, కాబోయే అత్తలు చూస్తారనే పిల్లలు ఆడేది. ఒంటినిండా అగరు ధూపం వాసన, నోటినిండా తేనె. నాకు మాత్రం ఆమె దగ్గరకు వస్తే ఒళ్ళు జలదరించేది. ఎందుకో చెప్పమంటే చెప్పలేను. ఈమధ్య మగపిల్లలు తల్లి చెప్పిన మాట నమ్మి నిశ్చితార్థానికి కూర్చోవడం లేదని, ముందు ఫోటో చూపమంటున్నారని ఆమె నా గేటు దగ్గరే రెండు మూడు సార్లు అంది. ఆ మాట నేను ఈ చెవిన విని ఆ చెవిన వదిలేశాను.

గేటు దగ్గరే, నా ముందే, ఖాలా అని, అంటే పిన్నీ అని వరస కలిపి, ఒక కొత్త డబ్బాను తర్ఫక్క ముందు చాపింది.

"తీసుకో ఖాలా. దుబాయి నుంచి తెప్పించినా. నీ పాటలు లేకుంటే అది పెళ్ళి అవుతాదా, చావు అవుతాది గానీ."

"ఇది ఫోన్ మాదిరి ఉండాదే" అంది తర్ఫక్క, ముట్టుకోకుండా.

"ఫోనా? ఏమ్మా రెడ్డెమ్మా, నువ్వే చూసి చెప్పు. సిమ్ము వేసే సందుండాదా?"

చూశాను. లేదు. పక్కలన్నీ గోటితో తడిమాను. మోగదు, ఎవరికీ కలవదు. గేటులో మా పరీక్ష అదే. సిమ్ము లేకపోతే ఫోను కాదు, ఫోను కాకపోతే కన్నుండదు. ఇన్నేళ్ళు ఫోన్లనే పట్టీ పట్టీ మా బుర్రలు అలా తయారయ్యాయి. కన్ను అనేది ఫోనుకు తప్ప ఇంకోదానికి ఉంటుందని నాకూ తోచలేదు, హాలు నడిపే పెద్దమ్మకూ తోచలేదు. దానికి మందంగా నల్లటి తోలు తొడుగు ఉంది. వెనుక చిన్న గుండ్రటి బెజ్జం.

"ఈ బొక్క యెందుకు?" అని అడిగాను.

"వేడి పోయేదానికి. పాతది వేడికే కదా చచ్చింది."

అంతటితో ఊరుకున్నాను. ఆ అద్దం పలక మీద టిక్కులు లేవు. నూరియాయే ఒక్కో పాటకు ఒక్కో బొమ్మ పెట్టించింది. పెళ్ళికూతురి పాటకు చందమామ, వియ్యాలవారికి కాఫీ కూజా. నిలబెట్టుకోవడానికి చిన్న పీట కూడా ఇచ్చింది. బొమ్మలు తర్ఫక్క వైపు, తొడుగు వీపు ఆడే పిల్లల వైపు. కొత్త పాటలు ఎక్కించాలని ప్రతి పెళ్ళి అయ్యాక దాన్ని ఇంటికి పట్టుకుపోయి, రెండు రోజులకు తెచ్చి ఇచ్చేది. తర్ఫక్క బొటనవేలు మాత్రం లేని చక్రాన్ని వెతుక్కుంటూ అద్దం మీద తిరుగుతూ ఉండేది.

మొదటి పెళ్ళి అయిన పది రోజులకు ఒక కాలేజీ పిల్ల ఫోటో బయటికి వచ్చింది. జుట్టు విరబోసుకుని ఆడుతున్న ఫోటో. ఆ పిల్ల అన్నకు అతని స్నేహితుడే చూపించాడట, మీ చెల్లెలు కాదు కదా అని. ఆ పిల్ల కాలేజీకి పోవడం ఆగిపోయింది. రెండో పెళ్ళి తర్వాత ఇద్దరు పిల్లలవి వచ్చాయి. ఒకరిది కుదిరిన సంబంధం తప్పిపోయింది. ఇక హాల్లో నరకం మొదలైంది. చంటిపిల్లల బూట్లు వెతికాం, పూలగుత్తులు విప్పి చూశాం, ధూపం పళ్ళేలు బోర్లించాం. తర్ఫక్క స్వయంగా మోకాళ్ళ మీద వంగి కుర్చీల కింద వెతికింది. నూరియా మాత్రం కాఫీ చప్పరిస్తూ తీరిగ్గా అంది.

"మన ఆడోళ్ళు ఎందుకు చేస్తారు? బయటోళ్ళను చూడండి. గేటుకాడ ఎవురుండారు, టీ ఎవురు పోస్తాండారు?"

టీ పోసే సింహళామె మర్నాటికల్లా పనిలో లేదు. ఆమె గది తాళం నా చేతికే ఇచ్చి వెళ్ళింది. ఈసారి ఇలాంటిది జరిగితే నువ్వూ ఊరికి పోతావని హాలు పెద్దమ్మ నాతో అంది.

మూడో పెళ్ళి శీతాకాలం మొదట్లో. తర్ఫక్క వచ్చేసరికి గేటు దగ్గర తోపులాటగా ఉంది. ఆమె అబాయా కొంగు తలుపు సందులో ఇరుక్కుంది.

"పట్టుకో మే రవ్వంతసేపు" అని డబ్బాను నా చేతిలో పెట్టి కొంగు లాక్కుంటోంది. నేను దాన్ని బోర్లా పట్టుకున్నాను. పైన దీపం ఉంది. ఆ బెజ్జంలో దీపం మెరిసింది. వేడి పోయే బెజ్జమైతే చీకటిగా ఉండాలి, మెరవకూడదు. వేలు పెట్టి తడిమాను. చల్లగా, నున్నగా అద్దం తగిలింది. నా ఫోను వీపున ఉన్నలాంటిదే.

ఆ క్షణంలో నాకు అన్నీ అర్థమయ్యాయి. పీట, తోలు తొడుగు, ప్రతి పెళ్ళి తర్వాత రెండు రోజులు అది నూరియా ఇంట్లో ఉండటం. తర్ఫక్క పాట పెట్టినప్పుడల్లా ఆ కన్ను దానంతట అదే తెరుచుకుంటూ ఉండాలి. నోరు తెరవబోయాను. తర్ఫక్క వెనుకే పెళ్ళికూతురి తల్లి, ఆమె వెనుక పదిమంది చుట్టాలు నిలబడి ఉన్నారు. ఇప్పుడు అరిస్తే పట్టుబడేది నూరియా కాదు, తర్ఫక్క. ఆమెను రెండుసార్లు వెతకకుండా పంపింది ఎవరని అడిగితే నేను. ఇంతలో ఆమె చెయ్యి చాచింది. ఇచ్చేశాను. ఇచ్చి, సంచుల నంబర్లు సరిచూసుకుంటున్నట్టు తల దించుకున్నాను. నా బతుకులో చేసిన పనుల్లో దీన్ని తలుచుకుంటేనే నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

లోపల ఏ పిల్లా ఆడటానికి లేవలేదు. అందరూ అబాయాలు కప్పుకునే కూర్చున్నారట. రెండు పాటలు ఉత్త నేలకే వినబడ్డాయి. పెళ్ళికూతురి తల్లి ఏడుపు మొహంతో తర్ఫక్క దగ్గరికి పోయి ఏదో ఒకటి చేయమందట. అప్పుడు మైకులో ఆ బొంగురు గొంతు నా గేటు దాకా వినబడింది.

"ఏం పాపా, అందరూ ముసలోళ్ళ మాదిరి ముడుచుకుని కూచుంటిరి? ఎవుర్ని చూసి భయం? నలభై ఏండ్లు మీ అమ్మల పెండ్లిండ్లు చేసినా. నేనుండే చోట కన్నుంటాదా? నా పేరు మీద చెప్తాండా, లేయండి. మవ్దీ, నువ్వు లేయే ముందు. నీ జుట్టు చూసి మీ నాయనమ్మ గుర్తుకొస్తాది నాకు."

మవ్దీ అంటే ఆమె పాత స్నేహితురాలి మనవరాలు. పంతొమ్మిదేళ్ళు. తర్ఫక్క వేసే ప్రతి పాటకూ ముందు లేచే పిల్ల. లేచింది. ఆమె వెనుక అందరూ లేచారు. కేరింతలు వినబడ్డాయి, కాళ్ళ చప్పుడు నా కుర్చీ కిందికి వచ్చింది. ఒక పాట అయింది. రెండు అయ్యాయి. నా ఒళ్ళో సంచుల్లో ఫోన్లు గుర్రుమంటున్నాయి. మూడో పాట మొదలయ్యేసరికి ఇక కూర్చోలేకపోయాను. గేటుకు గడియ వేసి లోపలికి పోయాను.

తర్ఫక్క చెవి దగ్గర వంగి చెప్పాను. "అక్కా, ఆ బొక్కలో కన్నుండాది. నేను చూసినా. పిల్లలందరూ దాంట్లో పడతాండారు."

ఆమె నావైపు చూడలేదు. డబ్బాను పీట మీదనుంచి తీసి, తిప్పి, తొడుగును గోళ్ళతో చీరి చూసింది. అద్దం కనబడింది.

"గమ్మున సంచిలో ఏసుకో. కరెంటు బాగలేదని చెప్పు. ఎవురికీ తెలీదు, మనిద్దరికే" అన్నాను. బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడమే తక్కువ.

ఆమె ఆడుతున్న పిల్లల వైపు చూసింది. ముందు వరసలో నూరియా ఉంది, ఆమె మా వైపే చూస్తోంది. తర్ఫక్క పాట ఆపేసింది. మైకు తీసుకుంది.

"కప్పుకోండి" అంది.

పెళ్ళికొడుకు లోపలికి వచ్చే ముందు అనే మాట అది. అప్పుడే వచ్చేశాడా అని నవ్వుకుంటూ అందరూ అబాయాల కోసం పరుగెత్తారు. తలుపు తెరుచుకోలేదు. ఎవరూ రాలేదు. నవ్వులు ఆగిపోయాయి.

"కప్పుకోండమ్మా. మగోళ్ళు వాకిట్లో లేరు, నా చేతిలో ఉండారు. దీనికి కన్నుండాది. మూడు పెండ్లిండ్లుగా మిమ్మల్ని చూస్తాండాది. నాకు తెలీదు. తెలీకున్నా తెచ్చింది నేను."

తర్వాత జరిగింది వరసగా చెప్పలేను. ఎవరో ఆమె మీద కాఫీ గిన్నె విసిరారు. ఒక తల్లి కూతురి మీద పడి ఒళ్ళంతా కప్పి, అక్కడే కూలబడి ఏడ్చింది. ఇచ్చింది నూరియా అని తర్ఫక్క చెబుతూనే ఉంది, ఆ గోలలో విన్నది కొందరే. నూరియా మాత్రం తొణక్కుండా గేటు దగ్గరికి వచ్చి బిళ్ళ చాపింది.

"నా ఫోన్ ఇయ్యమ్మా రెడ్డెమ్మా."

"నీకు సిగ్గుండాదా?" అన్నాను.

"అంగడోడు ఇచ్చింది ఇచ్చినా. నాకేం తెలుసు? మూడుసార్లు లోపలికి పంపింది ఎవురు, నేనా?"

ఫోను ఇచ్చేశాను. నంబరు బిళ్ళ సరిపోయింది కదా, ఇవ్వక ఏం చేయను అని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను. ఆ ఫోనులో ఎన్ని ఉన్నాయో, అప్పటికే ఎవరెవరికి పోయాయో దేవుడికే తెలియాలి.

పెళ్ళికూతురి అన్నలు ఆ డబ్బాను రాయితో నలగ్గొట్టారు. పోలీసుల దగ్గరికి ఏ ఇంటివాళ్ళూ పోలేదు. పోతే మీ పిల్ల ఎవరు, ఏ ఫోటో అని అడుగుతారు, కాగితం మీద పేరెక్కుతుంది. అందుకని నూరియా ఇంకా ముందు వరసలోనే కూర్చుంటోంది, వేరే ఊళ్ళ హాళ్ళలో. తర్ఫక్కను మాత్రం మళ్ళీ ఎవరూ పిలవలేదు. వీధిలో కనబడితే పలకరిస్తారు, నువ్వు మంచిదానివే అంటారు, పక్కకు తప్పుకుని పోతారు.

తర్ఫక్కకు అది కూడా బాధ అనిపించలేదు. "నా పేరు పోతే పోనీ మే. పిల్లలు నిలబడినారు గదా. చెప్పకుండా ఉండింటే ఇంకెన్ని పెండ్లిండ్లు చూసుండునో అది" అనేది. ఆ ఒక్క మాట పట్టుకుని రోజులు నెట్టుకొచ్చింది. నేను శుక్రవారం శుక్రవారం పోయి, ఆ మాట విని, టీ తాగి వచ్చేదాన్ని.

రెండు నెలలకు ఒక శుక్రవారం మధ్యాహ్నం నేనక్కడ ఉండగానే మవ్దీ వచ్చింది. తర్ఫక్క ఆ పిల్లను చూసి పసిబిడ్డ ఇంటికి వచ్చినట్టు సంబరపడింది. దిండ్లు సర్దింది, ఖర్జూరాలు ముందుకు జరిపింది, కుంకుమపువ్వు వేసి టీ కాచింది. మవ్దీ అబాయా విప్పలేదు. కళ్ళు తప్ప అంతా కప్పి ఉన్న ముసుగు అలాగే ఉంచుకుని గోడకు ఆనుకుని కూర్చుంది.

"ముసుగు తీయమ్మా. ఇక్కడ మగోళ్ళు ఎవురుండారు? నేనూ రెడ్డెమ్మే కదా."

"ఉండనీ ఖాలా."

"మీ ఇంట్లో ఏమన్నా అన్నారా? నీ ఫోటో బయటికి వచ్చిందా?"

"లేదు. ఎవురూ ఏమీ అనలేదు. నాది రానే లేదు, రాదేమో గూడా." ఆ పిల్ల గొంతు మామూలుగానే ఉంది, అదే నన్ను భయపెట్టింది. "మూడు పెండ్లిండ్లలో ఆడినా కదా ఖాలా. నువ్వు మైకులో చెప్పకుండా ఉండింటే నాకు తెలిసేది కాదు. ఇప్పుడు బజార్లో ఎవుడు నా పక్క తిరిగినా, వీడు చూసినాడేమో అనిపిస్తాది. మా బాబాయి కొడుకులు నవ్వుకుంటాంటే, వీళ్ళు గూడా చూసినారేమో అనిపిస్తాది. ఇంట్లో తల దువ్వుకునేదానికి గూడా తలుపేసుకుంటాండా. అదొక్కటి చెప్పిపోదామని వచ్చినా. నీ మీద కోపం లేదు."

తర్ఫక్క నావైపు చూసింది, నేనేమైనా అంటానేమోనని. ఏమనను? గేటు దగ్గర ఆ ఒక్క క్షణం నోరు తెరిచి ఉంటే ఆ పిల్ల మూడోసారి లేచేదే కాదు. ఇప్పటికైనా ఆ మాట చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు.

"టీ చల్లారిపోతాది, తాగమ్మా" అంది తర్ఫక్క చివరికి.

మవ్దీ గ్లాసు తీసుకుంది. ముగ్గురం ఆడవాళ్ళమే ఉన్న ఆ గదిలో, తలుపు గడియ పెట్టి ఉండగా, ముసుగు అంచు ఒక చేత్తో కాస్త ఎత్తి పట్టుకుని, గ్లాసు దాని కిందికి పోనిచ్చి, మెల్లగా టీ తాగింది.